ఇంటిల్లిపాదీ భువనగిరి కోట ఎక్కి సాయంత్రానికి ఇల్లు చేరడం ఎలా

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి వెళ్తే, సుమారు 50 కిలోమీటర్ల దగ్గర ఊరి ఇళ్ల వెనక నుంచి ఒక్కసారిగా ఒక రాయి లేస్తుంది. అటూ ఇటూ కొండల వరసేమీ ఉండదు. కోడిగుడ్డును కోసి బోర్లించినట్టు ఒకే ఒక్క రాయి, 500 అడుగులకు పైగా ఎత్తు. దాని నెత్తిన కోట. మా పిల్లలిద్దరికీ కొండ ఎక్కడమంటే ఏమిటో తెలిసింది ఇక్కడే. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు "ఇంకో నాలుగు మెట్లు, ఇంకో నాలుగు మెట్లు" అనుకుంటూ సగందాకా వచ్చి, చల్లగాలికి కూర్చుని జామకాయ తిన్నదీ ఇక్కడే.

పిల్లలతో కొండ ఎక్కాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని హైదరాబాద్‌లో ఎవరు అడిగినా నేను ఈ కోట పేరే చెబుతాను. రాతిలో తొలిచిన మెట్లున్నాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంది. దారి తప్పే భయం లేదు. ఎక్కడ ఆగినా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది, ఒక గోడో, ఒక దర్వాజానో, వాన నీళ్లు నిలిచిన గుంటో. ఊరు కొండను ఆనుకునే ఉంది కాబట్టి ఎవరికైనా బాగోలేకపోతే దిగి డాక్టర్ దగ్గరికి వెళ్లడం కష్టం కాదు.

ఒక్క సంగతి మాత్రం ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ఎవరో, ఆ రోజుకి వాళ్ల కాళ్లే గడియారం. అది ఐదేళ్ల పాప కావచ్చు, అరవై ఐదేళ్ల నాన్నమ్మ కావచ్చు. ఏ వేళకు బయల్దేరాలి, ఎన్ని నీళ్లు మోయాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి, అన్నీ వాళ్లను బట్టే.

నెల ఎంచుకోవడం

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. చిన్నపిల్లలుంటే ఇందులో బేరం లేదు.

మేము మొదటిసారి మార్చి చివర్లో వెళ్లాం. పొద్దున లేవడం ఆలస్యమై, ఎక్కడం మొదలుపెట్టేసరికి పదకొండు. ఇంటి దగ్గర ఆ ఎండ పెద్దగా అనిపించలేదు. కానీ ఇక్కడ నేలంతా రాయి. పైనుంచి ఎండ, కిందినుంచి సెగ, పెనం మీద నడుస్తున్నట్టే. నీడకి చెప్పుకోదగ్గ చెట్టు లేదు. మూడో వంతు ఎక్కామో లేదో, మా చిన్నది ఒక్కసారిగా మాట్లాడటం మానేసింది. అప్పటిదాకా వాగుతూనే ఉన్న పిల్ల. ముఖం ఎర్రగా కందిపోయింది, తలనొప్పి అంది. వెంటనే దింపేశాం. కారెక్కాక వాంతి చేసుకుంది. ఆ రోజు నుంచి నాకు ఒకటి గుర్తుండిపోయింది. వాగే పిల్లలు కొండ మీద ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే, అది బుద్ధిగా ఉండటం కాదు, ఒంట్లో బాగోలేదని.

వానాకాలంలో పచ్చదనం బాగుంటుంది కానీ రాయి మీద పాకుడు పడుతుంది. తడిసిన నున్నటి రాయి మీద ఎంత మంచి బూటైనా జారుతుంది. వాన కురిశాక కనీసం రెండు రోజులు ఎండ కాయనివ్వండి. ఆకాశంలో ఉరుము వినిపిస్తే మాత్రం ఎంత దూరం వెళ్లినా దిగేయడమే. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది ఆ రాయి, దాని మీద నిలబడ్డది మీరు.

మూడు వారాల ముందు నుంచి

ఇంట్లో ఒక అంతస్తు దాదాపు 10 అడుగులు. ఆ లెక్కన 500 అడుగులంటే 50 అంతస్తులు. వినగానే గుండె గుభేలుమంటుంది కానీ, మధ్యమధ్య ఆగుతూ గంటన్నరలో ఎక్కే 50 అంతస్తులు అవి.

మీది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అయితే మొదటి వారం రోజు విడిచి రోజు రెండుసార్లు పైదాకా ఎక్కి దిగండి. రెండో వారం మూడు సార్లు. మూడో వారం నాలుగు సార్లు, అదీ వీపున నీళ్ల బ్యాగుతో. పిల్లల్నీ తీసుకెళ్లండి, వాళ్లకు ఆటలా ఉంటుంది. ఈ మూడు వారాల్లో ఎవరి మోకాలు ఎంతవరకు ఒప్పుకుంటుందో తెలిసిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, డాక్టర్‌కి చూపించకుండా ఆ మనిషిని కొండకు తీసుకెళ్లకండి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఆ రోజు మానకూడదు. షుగర్ ఉన్నవాళ్ల జేబులో ఒక బెల్లం ముక్కో, చాక్లెట్టో ఉండాలి.

ఇంతకీ మూడేళ్లలోపు పిల్లల్ని వీపున కట్టుకుని ఎక్కవచ్చా? భువనగిరిలో నేను వద్దంటాను. పై భాగంలో కొన్నిచోట్ల మెట్లుండవు, ఏటవాలు రాయి మీద చేతులు ఆనించి ఎక్కాలి. అక్కడ మీ బరువే మీకు లెక్క తప్పుతుంటుంది. అంత చిన్నవాళ్లుంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లండి, దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు రోజు రాత్రి

ముందు గోళ్లు. అందరి కాలిగోళ్లూ కత్తిరించండి. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకు జారి గోరు బూటుకి కొట్టుకుంటూ ఉంటుంది. పెరిగిన గోరుంటే సాయంత్రానికి బొటనవేలు నల్లబడుతుంది. పిల్లలు ఆ నొప్పి ఏమిటో చెప్పలేక, నడవనని మొండికేస్తారు. మనం వాళ్లను బద్ధకమని తిడతాం.

బూట్లు పాతవే వేసుకోండి, అడుగున గీతలు అరిగిపోనివి. ఈ కొండ కోసమని కొత్తవి కొంటే కనీసం పది రోజులు వీధిలో తొడుక్కుని తిరిగాకే. హవాయి చెప్పులు, హీల్స్, పార్టీ షూలు పనికిరావు. నూలు సాక్సులు తప్పనిసరి. చున్నీ ఉంటే నడుముకి గట్టిగా ముడేయండి, వేలాడితే కాలికింద పడుతుంది. చీరే అలవాటైన పెద్దవాళ్లు కుచ్చిళ్లు చీలమండకు పైకి ఉండేలా కడితే సరి.

నీళ్లు మనిషికి లీటరున్నర, పిల్లలకు లీటరు. మీద మరో రెండు లీటర్లు ఉమ్మడిగా. బరువే, కానీ తిరిగొచ్చేటప్పుడు ఎలాగూ తగ్గుతుంది. ఒక సీసాలో పలుచటి మజ్జిగ, ఉప్పు వేసి, పిల్లలకు ఇష్టమైతే కాస్త నిమ్మరసం పిండి. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పొడి రూపంలో ఉంచుకోండి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, అర లీటరులో చిక్కగా కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. ఓఆర్ఎస్ అని రాసి అమ్మే తియ్యటి డబ్బా పానీయాలు ఆ పనికి రావు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది కూడా.

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపు, నూనె ఉంటాయి కాబట్టి మధ్యాహ్నందాకా చెడదు, చల్లారినా రుచే. పల్లీ పట్టీలు, నువ్వుల ఉండలు, జామకాయలు, కమలాపండ్లు. చిప్స్ తగ్గించండి, దాహం పెంచుతాయి.

ఇవన్నీ వీపు బ్యాగుల్లోనే సర్దండి. చేతి సంచి ఒక్కటి కూడా వద్దు. రెండు చేతులూ ఖాళీగా ఉండటమే కొండ మీద సగం భద్రత. టోపీలు, ఒక పాత తువ్వాలు, క్రేప్ బ్యాండేజీ, దూది, బ్యాండ్‌ఎయిడ్లు, అయోడిన్ మందు, పిల్లల డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందు, చెత్త వేసుకోవడానికి ఒక ఖాళీ కవరు. ఫోన్ నిండుగా ఛార్జ్ చేయండి.

పొద్దున

ఇడ్లీ తినండి. పూరీ, బజ్జీ తింటే ఎక్కేటప్పుడు గొంతులోకి వస్తుంది. సొంత బండి లేకపోతే ఉప్పల్ నుంచి యాదగిరిగుట్ట, వరంగల్ వైపు వెళ్లే బస్సులు భువనగిరి మీదుగానే పోతాయి. సికింద్రాబాద్–కాజీపేట లైన్లో భువనగిరి స్టేషన్ ఉంది, ప్యాసింజర్ దొరికితే పిల్లలకు రైలు సరదా కూడా తీరుతుంది. కోట దగ్గరికి ఆటోలు వస్తాయి. బాత్రూమ్ పని కొండ ఎక్కకముందే, దారిలో టిఫిన్ దగ్గరే ముగించుకోవాలి. "నాకు రావట్లేదు" అనే పిల్లల్ని కూడా ఒకసారి పంపండి.

టికెట్ కౌంటర్ తెరిచే వేళకు మీరు గేటు దగ్గర ఉండాలి. ఎండ ముదరక ముందే ఎక్కేయడానికి ఇదొక్కటే ఉపాయం.

గేటు దగ్గర ఐదు నిమిషాలు

ఇక్కడ తొందరపడకండి. అందరినీ ఒకచోట నిలబెట్టి ఒక ఫోటో తీయండి. పిల్లలు ఆ రోజు ఏ రంగు బట్టలేసుకున్నారో, జనంలో కనిపించకపోతే చూపించడానికి పనికొస్తుంది. మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టండి.

వెనక్కి తిరిగే వేళ అప్పుడే చెప్పేయండి. "పది గంటలకు మొదలుపెడుతున్నాం. పదకొండున్నరకి ఎక్కడుంటే అక్కడి నుంచి దిగుతాం." దీనికి తోడు ఇంకొకటి: తెచ్చిన నీళ్లు సగానికి వస్తే గడియారంతో పని లేదు, తిరుగుముఖం పట్టాలి. ఈ రెండూ ముందే అందరి ముందూ అనుకుంటే పైన గొడవ ఉండదు. ఆయాసపడుతున్న మనిషి "నావల్ల అందరూ ఆగిపోతున్నారు" అని బాధపడాల్సిన అవసరమూ రాదు. మోకాళ్లు ఒప్పుకున్నంతవరకే వస్తామనే పెద్దవాళ్లకు తోడుగా ఎవరు ఆగుతారో కూడా ఇక్కడే తేల్చండి. వాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టి పైకి పోవద్దు.

ఎక్కడం

ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. ముందున్న పెద్దను దాటి ఎవరూ వెళ్లకూడదు. మా పెద్దవాడికి ఈ నియమం నచ్చదు కాబట్టి కాసేపు వాడినే దారి చూపమంటాం, కానీ వాడి ముందు వాళ్ల నాన్న రెండు మెట్ల దూరంలో ఉంటారు.

వేగానికి కొలత మాట. మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిగా ఉన్నట్టు. మాట తెగుతుంటే తగ్గించండి. పది నిమిషాలకొకసారి ఆగి రెండు గుక్కలు నీళ్లు తాగించండి, దాహం వేసినా వేయకపోయినా. ఏటవాలు రాయి దగ్గర చిన్నపిల్లలు ఎక్కుతుంటే మీరు వాళ్లకి ఒక అడుగు కింద ఉండాలి. చెయ్యి పట్టి పైకి లాగొద్దు, చిన్నపిల్లలకు మోచేతి కీలు జారుతుంది. వాళ్లనే చేతులు ఆనించి, ఒక కాలు నిలదొక్కుకున్నాకే రెండో కాలు లేపమనండి. రెండు మూడు సార్లు చెబితే పట్టుకుంటారు. ఆ తర్వాత చూడండి, నాలుక బయటపెట్టి, కళ్లు రాయి మీదే పెట్టి, పరీక్షలో కూడా పెట్టనంత శ్రద్ధ పెడతారు.

అలసిపోయిన పిల్లల్ని నడిపించేది కథ. ఈ కొండకు కథలకు కొదవలేదు. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆయన 1076 నుంచి 1126 వరకు ఏలాడు. ఆ బిరుదు మీదే ఇది త్రిభువనగిరి అయి, తర్వాత భువనగిరి అయింది. ఇదొక మలుపు దాకా. తర్వాత సర్వాయి పాపన్న. 1708లో మొగలుల పాలనలో ఉన్న వరంగల్ మీద పడి, రెండు నెలలకు ఈ భువనగిరి మీదకు వచ్చినవాడు. "ఇంత నున్నటి రాయి వాళ్లెలా ఎక్కి ఉంటారు?" అని అడిగి వదిలేయండి, పిల్లలే చుట్టూ చూసి దారులు వెతుకుతారు.

ఇక బాగా నీరసించినప్పటికి దాచుకోవాల్సిన కథ మాలావత్ పూర్ణది. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అమ్మాయి. కొండ ఎక్కడంలో మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ భువనగిరి రాళ్ల మీదే. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా తోడున్నాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ మా చిన్నది తాను చెయ్యి వేసిన రాయిని ఒకసారి తడిమి చూస్తుంది.

పైన

పెద్దవాళ్లు ఆగకుండా ఎక్కితే ముక్కాలు గంట చాలు, పిల్లలతో గంటన్నర. పైన పాత మహలు గోడలు, రాతిలో తొలిచిన నీటి గుంటలు ఉంటాయి. కింద ఊళ్లో ఇళ్ల కప్పులు, చెరువు, దూరంగా పొలాలు. ఇక్కడ ఒకే నియమం: అంచు వైపు చూడాలంటే కూర్చుని చూడాలి. నిలబడి చూడకూడదు, సెల్ఫీ అసలే వద్దు. అంచుకి ఐదారు అడుగుల ఇవతలే అందరూ ఆగాలి. గాలి ఒక్కోసారి ఉన్నట్టుండి తోసేస్తుంది. నీటి గుంటల్లో దిగనివ్వకండి, లోతు కనపడదు, అంచులకు పాకుడు ఉంటుంది.

కోతులుంటే తిండి పొట్లం బయటికి తీయొద్దు, పళ్లు ఇకిలిస్తే కళ్లలోకి చూడకుండా మెల్లగా పక్కకు జరగండి. రాతి చూరుల కింద నల్లటి దుప్పటిలా తేనెపట్టు కనిపిస్తే దాని కింద ఆగకండి, అరవకండి, పొగ పెట్టకండి. ఆ రోజు ఇంట్లో ఎవరూ సెంటు కొట్టుకోకపోవడమే మంచిది.

తిన్న తొక్కలతో సహా అన్నీ కవర్లో వేసి కిందికి తీసుకెళ్లండి. గోడల మీద పేర్లు గీకేవాళ్లను పిల్లలు చూస్తారు. అది ఎందుకు తప్పో అక్కడే, ఆ గోడ ముందే చెప్పండి.

దిగడం

దెబ్బలు ఎక్కువగా తగిలేది దిగేటప్పుడే. కాళ్లు అప్పటికే వణుకుతుంటాయి, అయిపోయిందనే ధీమా ఉంటుంది, పిల్లలకు పరుగెత్తాలనిపిస్తుంది.

ఇప్పుడు వరస మార్చండి. పెద్దవాళ్లు ముందు దిగాలి, పిల్లలు వెనక. జారితే మీమీద పడాలి తప్ప కిందికి పోకూడదు. బూటు తాళ్లు చీలమండ దగ్గర ఒకసారి బిగించండి. ఏటవాలు రాయి మీద పాదం అడ్డంగా పెట్టి, మోకాలు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులు వేయండి. నున్నటి రాయి మీద ఇసుక, చిన్న గులకరాళ్లు పరుచుకున్న చోట్ల ఎక్కువ జారుతుంది. అలాంటి చోటు కనిపిస్తే ముందున్నవాళ్లు "ఇసుక" అని కేక వేయాలి, వెనకున్నవాళ్లంతా ఆ మాట అందుకోవాలి. పిల్లలకు ఈ ఆట మహా ఇష్టం. మరీ నిటారుగా ఉన్నచోట సిగ్గుపడకుండా కూర్చుని, చేతులు వెనక ఆనించి జరుగుతూ దిగండి. ప్యాంటు మాసిపోతే ఉతుక్కోవచ్చు.

ఏదైనా అయితే

బొబ్బ లేచే ముందు మడమ మండుతుంది. అప్పుడే బ్యాండ్‌ఎయిడ్ వేసేయండి, లేచాక చిదమొద్దు. కాలు బెణికితే కిందికి చేరేదాకా బూటు విప్పకండి, పైనుంచే బ్యాండేజీ చుట్టండి. తేనెటీగలు లేస్తే చేతులు ఊపకుండా తువ్వాలు ముఖానికి చుట్టుకుని అక్కడి నుంచి వెళ్లిపోండి. గుచ్చుకున్న ముల్లును ఆలస్యం చేయకుండా గోటితో గీరి తీసేయాలి. పాము కాటేస్తే కోయడం, తాడు కట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. ఎండకి మాట తడబడినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలినా అదీ 108 పనే. ఆలోపు నీడకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఉండండి.

ఆ తర్వాత

అదే రోజు యాదగిరిగుట్ట దర్శనం, కొలనుపాక జైన మందిరం కూడా కలిపేద్దామని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. చిన్నపిల్లలుంటే వద్దు. కొండ దిగిన కాళ్లతో క్యూలో నిలబెడితే, వాళ్లకు ఆ రోజంతటిలో క్యూ ఒక్కటే గుర్తుంటుంది. తిన్నగా ఇంటికి వచ్చి, గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టించి, ముళ్లేమైనా ఉన్నాయేమో చూసి పడుకోబెట్టండి. మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. మంచం దిగకుండా ఉంటే ఇంకా బిగుస్తాయి, వీధి చివరిదాకా నడిపించండి.

రెండు మూడు వారాలు గడిచాక రెండో కొండ. మరీ చిన్నవాళ్లు, నిటారు మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు ఉంటే అనంతగిరి. మూసీ నది పుట్టేది అక్కడే, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, అడవి నీడలో నెమ్మదిగా నడవొచ్చు. విజయవాడ వైపు వాళ్లకు కొండపల్లి కోట, దిగాక ఊళ్లో పొణికి కర్రతో బొమ్మలు చేయడం పిల్లలకు చూపించవచ్చు.

కాళ్లు బాగా అలవాటుపడ్డాక తిరుమల. అలిపిరి దారి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, పిల్లలతో నాలుగైదు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, కానీ నిటారు. దూరం తక్కువని చిన్నవాళ్లను శ్రీవారి మెట్టుకు తీసుకెళ్తుంటారు. నా అనుభవంలో ఊపిరి తీసుకోవడానికి చదునైన చోట్లున్న అలిపిరి దారే వాళ్లకు నయం, మోకాళ్ల మెట్టు దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. సామాను కిందే అప్పగిస్తే టీటీడీ వాళ్లు పైకి చేరుస్తారు, నీళ్లు, టోపీలు మాత్రం దగ్గరుంచుకోండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైపోయాక పిల్లల నడకకు టీటీడీ వేళలు కట్టడి చేసింది. వెళ్లే వారం ఆ నిబంధనలు ఒకసారి చూసుకుని, పొద్దున్నే మొదలుపెట్టి, గుంపుతో కలిసి నడవండి. పిల్లల్ని చెయ్యి అందే దూరం దాటి ముందుకు పోనివ్వకండి.